వ్యాన్ ఎక్కడ ఆపామంటే

ఆ వేసవిలో నన్ను తాతయ్య దగ్గరికి పంపింది నా చేతిరాత చూసి. నాలో ఇంకే గొప్పా లేదు. నోట్లో నాలుక లేని పిల్లనని బడిలో పేరు. ఇంటికి ఎవరైనా వస్తే తలుపు వెనక్కి చేరి డైరీ తెరుచుకునేదాన్ని. "మాట్లాడకపోతే పోనీ అక్కా, గుండ్రంగా రాస్తుందిగా. నాన్న చెప్తాడు, ఇది రాస్తుంది. రెండు నెలల పని," అని పిన్ని ఫోన్లో అడిగితే అమ్మ సరేనంది. మా ఊరి నుంచి ఒక్కదాన్నే బస్సెక్కడం అదే మొదలు.

పిన్నీ తాతయ్యా ఉండేది మూడో అంతస్తులో. రెండు గదులు, నలభై రెండు మెట్లు, లిఫ్టు లేదు. పిన్ని ఒక పెద్ద హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. ఎన్నిసార్లు స్నానం చేసినా ఆమె చేతుల నుంచి గంజి వాసన పోదు. తాతయ్య బజారు వెనక కార్లు నిలిపే స్థలంలో అడ్డకర్ర దగ్గర పని చేస్తాడు. కారొస్తే ఎత్తాలి, పోయాక దించాలి. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నిలబడాలి.

అంతకు ముందు ముప్ఫై ఏళ్లు ఆయన రాక్ బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించాడు. నలుగురి బ్యాండ్. వాళ్ల పాటొకటి ఇప్పటికీ అందరికీ తెలుసు. మొదట ఎనిమిది దెబ్బలు పడతాయి, ఆ తర్వాత గొంతు లేస్తుంది. ఆటలు జరిగేచోట వేలమంది జనం ఆ ఎనిమిదీ చప్పట్లతో కొడతారు. కానీ పాట మీద వచ్చే డబ్బు మాట రాసినవాడికీ బాణీ కట్టినవాడికీ చెందుతుందట. దెబ్బ కొట్టినవాడికి రాదట. మాటా బాణీ రెండూ పాడినవాడి పేరు మీదే ఉన్నాయి.

"ఆ దెబ్బకో కాసు చొప్పున ఇచ్చినా ఈపాటికి మేడలో ఉండేవాళ్లం," అంది పిన్ని, నేను వెళ్లిన రోజే.

"మేడలోనే ఉన్నాం కదే అమ్మాయ్. నలభై రెండు మెట్లెక్కితే గానీ రాలేని మేడ," అన్నాడు తాతయ్య.

ఆయన నవ్వాడు గానీ పిన్ని నవ్వలేదు. పెద్ద డ్రమ్ముకి కింద ఒక పెడల్ ఉంటుంది, దాన్ని కుడికాలితో తొక్కుతూ ఉండాలి. ముప్ఫై ఏళ్లు తొక్కిన ఆ మోకాలు అరిగిపోయింది. వానలు మొదలయ్యేలోపు ఆపరేషన్ చేయించకపోతే మెట్లెక్కడం, నిలబడడం రెండూ మర్చిపోవలసిందేనని డాక్టరు చెప్పాడు. నిలబడలేకపోతే కర్ర పని పోతుంది. సరిగ్గా అప్పుడే ఒక పుస్తకాల కంపెనీ వాళ్లు తాతయ్యని తన జ్ఞాపకాలు రాసిమ్మన్నారు. సగం డబ్బు ముందే ఇచ్చారు. దాన్ని పిన్ని అట్నుంచటే ఆస్పత్రిలో కట్టి తేదీ రాయించుకుంది. మిగతా సగం, రాత మొత్తం చేతికిచ్చిన రోజు. ఆపరేషన్ తేదీ రాసిన చీటీ పొయ్యి పైన గోడకి అంటించి ఉంది. వంట చేసినంతసేపూ పిన్ని ముఖం దాని వైపే.

*

మధ్యాహ్నం రెండింటికి తాతయ్య పని దిగి వచ్చేవాడు. కాలు ముక్కాలిపీట మీద పెట్టుకుని, చేతివేళ్లతో బల్ల మీద కొడుతూ మొదలుపెట్టేవాడు.

"ఆఁ, రాసుకో అమ్మడూ. వ్యాన్ ఎక్కడ ఆపామంటే..."

ప్రతిసారీ అదే మొదలు. మనుషులు, పాటలు, గొడవలు ఏవీ ఆయనకి నేరుగా గుర్తుకు రావు. ముందు వ్యాన్ ఎక్కడ నిలిపారో తేలాలి. గోడ పక్కనా, వంతెన కిందా, ముందు చక్రం బురదలో ఉందా, వెనక తలుపు తీయడానికి చోటుందా. అది దొరికితే మిగతాదంతా దాని వెంట తోకలా వచ్చేది.

"నువ్వెందుకు నడిపేవాడివి తాతయ్యా?" అని ఆయన చెవి దగ్గరికెళ్లి అడిగాను. తాళాల మోతకి ఆయన చెవులు సగం పోయాయి. డ్రమ్స్ పక్కన స్టాండు మీద ఉండే ఇత్తడి పళ్లేల్ని ఆయన తాళాలనే అంటాడు.

"డ్రమ్స్ మోయాలి కాబట్టి వ్యాన్ నాదే. వ్యాన్ నాది కాబట్టి స్టీరింగూ నాదే. స్టీరింగ్ నాది కాబట్టి తాగకూడనివాడినీ నేనే. మిగతా ముగ్గురూ తాగి వెనక పడుకునేవాళ్లు. అందుకే ఎక్కడెక్కడ తిరిగామో నాకొక్కడికే తెలుసు."

ఆ ముగ్గురిలో ఇద్దరు పోయారు. మిగిలింది పాడినవాడు. బ్యాండ్‌లో అతన్ని చిలక అనేవారట. తాతయ్యని సుత్తి అనేవారు. కొడతాడు కాబట్టీ, ఒకే సంగతి పదిసార్లు చెప్తాడు కాబట్టీ.

మొదటి మూడు అధ్యాయాలు పంపితే వారం తిరక్కుండా ఎడిటరమ్మ తిప్పి పంపింది. పైన ఎర్రసిరాతో రాసింది: "ఇది డ్రైవరు రాసుకున్న లెక్కల పుస్తకంలా ఉంది. ఇక్కడ ఆపాం, వాయించాం, సర్దుకున్నాం, వెళ్లాం. మనుషులేరి? వాళ్ల ముఖాలేవి? చదివేవాళ్లకి కనిపించాలి."

తాతయ్య ఆ కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివి, మడిచి, మోకాలి కింద పెట్టుకున్నాడు. "జరిగిందే చెప్పాను. ఇంకేం చెప్పను?" అన్నాడు. ఆ సాయంత్రం బల్ల మీద ఆయన వేళ్లు కదల్లేదు.

ఆ పాట పుట్టిన రోజు సంగతి మూడో అధ్యాయంలో ఉంది. ఆయన చెప్పింది నాలుగు ముక్కలే. ఇటుక గోడ పక్కన వ్యాన్ ఆపాం. ఇంజను చల్లారాలి. నేను తలుపు మీద అరచేత్తో ఎనిమిది కొట్టాను. చిలక లేచి కూర్చుని పాట అందుకున్నాడు. అంతే.

నేను దాన్ని మళ్లీ రాశాను. ఆ గోడ మీద ఒక పిల్లని కూర్చోబెట్టాను. నీలం గౌను. ఆమె పుస్తకాల సంచి గోడ అవతల పడిపోయింది. దూకడానికి భయం, ఎవరినైనా పిలవడానికి సిగ్గు. చిలక గోడ దూకి సంచి తీసిచ్చాడు. ఆ పిల్ల నోరు తెరిచి మంచిమాట ఒక్కటీ అనలేక, గోడని మడమలతో తన్నుతూ కూర్చుంది. ఆ మడమల చప్పుడు విని తాతయ్య చెయ్యి తలుపు మీద పడింది.

ఆ పిల్ల నేనే. ఎనిమిదేళ్లప్పుడు మా బడి గోడెక్కి, సంచి అవతల పడేసుకుని, అడగలేక, చీకటి పడేదాకా కూర్చున్నాను. నాకు ఎవరూ తీసివ్వలేదు. రాతలోనైనా తీయించుకుందామనిపించింది, అంతే.

తాతయ్యకి చదివి వినిపించాను. కళ్లు మూసుకుని, చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని విన్నాడు. "బాగుంది. బాగుంది," అన్నాడు. ఎంత వినపడిందో నేను అడగలేదు. ఎడిటరమ్మ మాత్రం ఈసారి పచ్చసిరాతో రాసింది: "ఇదీ కావలసింది! ఇలాగే కానివ్వండి." తాతయ్య ఆ కాగితాన్ని కర్ర దగ్గరికి తీసుకెళ్లి కార్లవాళ్లకి కూడా చూపించాడట.

ఆ తర్వాత నా కలానికి అడ్డు లేకపోయింది. ఒక ఊళ్లో కుక్కని పెట్టాను. ఒకచోట అద్దం పగిలిన దీపం. ఒకచోట వంతెన మీద ఒంటరిగా నిలబడ్డ పోస్టుమాను. తాతయ్య "బాగుంది" అనేవాడు. నా బతుకులో ఆ మాట అన్నిసార్లు విన్నది అప్పుడే.

*

నెల దాటాక ఒక సాయంత్రం ఫోన్ మోగింది. పిన్ని ఇంకా రాలేదు. తాతయ్యకి ఫోన్లో మాట వినపడదు, కాబట్టి నేనే తీయాలి. తీసి ఊరుకున్నాను.

"ఎవరక్కడ? ఊపిరి పీలుస్తున్నారు గానీ మాట్లాడరేం?" అంది ఒక గొంతు. ముసలి గొంతే, కానీ ఎక్కడో విన్నట్టుంది. "సుత్తి ఉన్నాడా? చిలక చేశాడని చెప్పు పాపా."

చెప్పాను. తాతయ్య మోకాలు మర్చిపోయి లేచేశాడు. "ఒరేయ్ చిలకా! బతికే ఉన్నావట్రా!" అని ఫోన్లోకి అరిచాడు. అవతలివాడి జవాబు వినపడక నా ముఖంలోకి చూశాడు.

"ఉన్నాననే అనుకుంటున్నానురా అంటున్నారు," అని చెవిలో చెప్పాను. ఇద్దరూ ఒకేసారి నవ్వారు. ఇరవై ఏళ్లయిందట మాట్లాడుకుని.

చిలక తాతయ్య గోడు ఏమిటంటే, ఆయనకేమీ గుర్తు లేదు. తాగినన్నాళ్లూ తాగుడులో పోయింది, మిగిలింది వయసులో పోతోంది. పాతవి గుర్తు చేసుకుంటూ ఉండమని డాక్టరు చెప్పాడు. "మన పాట ఎక్కడ పుట్టిందో కూడా మర్చిపోయానురా. నువ్వయితే గోళీసోడా రంగు కూడా మర్చిపోవు కదా," అన్నాడు.

"దానికేం భాగ్యం! నా మనవరాలు అంతా రాసింది. చదువు అమ్మడూ, వాడికి వినిపించు."

చదివాను. అంత పెద్ద మనిషికి, జనం పోస్టర్లు గోడకి అంటించుకున్న మనిషికి, నేను చదివి వినిపించాను. "నీ గొంతు బాగుంది పాపా. ఆపకు. ఆఁ, ఆ గోడ మీద పిల్ల సంగతి మళ్లీ ఒకసారి," అనేవాడు ఆయన. మళ్లీ చదివేదాన్ని. వెనక ఏదో టకటకమని చప్పుడు. గడియారమేమో అనుకున్నాను.

వారానికి మూడుసార్లు చేసేవాడు. ఒక్కోసారి నిన్న అడిగిందే ఇవాళా అడిగేవాడు. నాకు విసుగనిపించేది కాదు. ఫోన్ మోగకముందే నోటుపుస్తకం తెరిచి ఉంచుకునేదాన్ని.

ఒక రోజు పిన్ని తొందరగా వచ్చి గుమ్మంలోనే నిలబడి అంతా వింది. ఫోన్ పెట్టేశాక చెప్పులైనా విప్పకుండా అంది:

"నాన్నా, దొంగ చేతికి తాళాలిచ్చి కాపలా ఉండమన్నట్టుంది నీ పని. డబ్బులిచ్చి కొనాల్సిన పుస్తకాన్ని ఊరికే వినిపిస్తున్నావు."

"వాడు దొంగేంటే? వాడి పాటే వాడికి గుర్తు లేదు, పాపం."

"పాటకొచ్చే డబ్బు మాత్రం గుర్తుంది."

"ఇరవై ఏళ్ల తర్వాత చేశాడే అమ్మాయ్," అన్నాడు తాతయ్య. పిన్ని నావైపు చూసింది. నేను నోటుపుస్తకం వెనక దాక్కున్నాను.

*

ఆపరేషన్‌కి పద్దెనిమిది రోజులుందనగా పిన్ని హోటల్ నుంచి పాత పేపరొకటి తెచ్చింది. తెచ్చి బల్ల మీద పరిచి, పక్కకి జరిగి నిలబడింది. సగం పేజీ చిలక తాతయ్య ఫోటో. "వచ్చే నెల వెలువడనున్న ఆత్మకథ నుంచి," అని రాసుంది. కింద ఇటుక గోడ. నీలం గౌను. పుస్తకాల సంచి. గోడని తన్నుతున్న మడమలు.

నా మాటలే. ఒకచోట నేను కామా పెట్టిన చోటే కామా. ఆ టకటకలు ఎవరో టైపు చేస్తున్న చప్పుడని అప్పుడర్థమైంది.

తాతయ్య అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. ఆయన ముఖం వెలిగింది.

"చూశావా! వాడికి గుర్తొచ్చేసింది!" అన్నాడు. "మన చదువు ఊరికే పోలేదు అమ్మడూ."

పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటగదిలోకి వెళ్లిపోయింది.

రెండో రోజు ఎడిటరమ్మ రమ్మంది. నోటుపుస్తకం కూడా తెమ్మంది. తాతయ్య ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఆఫీసు కింది అంతస్తులోనే ఉండడం చూసి, "తెలివైనవాళ్లు. చదువుకున్నవాళ్లు నేల విడిచి సాము చేయరు," అన్నాడు.

ఎడిటరమ్మ మా అమ్మ వయసు ఉంటుంది. కళ్లద్దాలు తల మీదికి తోసుకుని, తాతయ్యకి వినపడేలా గట్టిగా, మెల్లిగా చెప్పింది. "సార్, ఇద్దరి పుస్తకాల్లోనూ ఒకటే సంగతులుంటే జనం ఒకటే కొంటారు. ముందొచ్చింది కొంటారు. ఆయనది ముందొస్తుంది."

"వాడు మంచివాడండీ," అన్నాడు తాతయ్య.

"కావచ్చు. ఒక దారుంది. ఈ గోడ మీద పిల్ల సంగతి ఆయన ఇన్నేళ్లలో ఏ పేపరుకీ చెప్పలేదు. మీ మనవరాలి నోటుపుస్తకంలో తేదీ వేసి ఉంది. అది మీ దగ్గర్నుంచే వెళ్లిందని చూపిస్తే చాలు, వాళ్లు ఆపుకుంటారని మా లాయరు అన్నారు. మీ పుస్తకం ముందొస్తుంది. మిగతా డబ్బు ఇవాళే ఇప్పిస్తాను." ఒక కాగితం ముందుకి జరిపింది. "ఇది మీరు కళ్లారా చూశారని, ఇలాగే జరిగిందని రాసుంది. సంతకం పెట్టండి."

తాతయ్యకి ఎంత వినపడిందో గాని, 'డబ్బు', 'సంతకం' వినపడ్డాయి. చొక్కా జేబులో కలం వెతుక్కున్నాడు. కుడికాలు చాపుకుని బల్ల మీదికి వంగాడు. ఆయన సంతకం ఎప్పుడూ పెద్దది. మొదటి అక్షరం కాగితం మీద పడింది.

"ఆ పిల్ల లేదు మేడమ్," అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. అంతకు ముందు ఎవరూ అడక్కుండా నేను పెద్దవాళ్ల మధ్య నోరు తెరిచింది లేదు. అబద్ధం నాది. దాని కింద తాతయ్య పేరు దిగుతుంటే చూడలేకపోయాను.

"లేదంటే?"

"నేను కలిపాను. ఆ గోడ మా బడిది. ఆ కూర్చున్నది నేను."

ఎడిటరమ్మ కళ్లద్దాలు కిందికి దించుకుంది. కోప్పడలేదు. "ఇంకా ఏమేం కలిపావమ్మా?"

నోటుపుస్తకం తిరగేశాను. కుక్క నాదే. పోస్టుమాను నావాడే. దీపం దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాను. అద్దం పగిలిందన్నది నేనా, తాతయ్యా? ఆ ఊళ్లో గాలి? ఆ ముసలావిడ ఇచ్చిన మంచినీళ్లు? పేజీలన్నీ గుండ్రంగా, ఒకేలా ఉన్నాయి.

"తెలీదు మేడమ్," అన్నాను.

తాతయ్య కలం పట్టుకుని మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. "ఏమంటోంది? ఇంకా ఎక్కడ పెట్టాలి?"

ఆమె ఆయన చేతి కింద నుంచి కాగితం మెల్లగా లాగింది. "తర్వాత చూద్దాం సార్," అంది. పుస్తకం ఇక వేయలేమని, ముందిచ్చిన డబ్బు వెనక్కి అడగబోమని నాకు మాత్రం వినపడేలా చెప్పి, గుమ్మం దాకా వచ్చి సాగనంపింది.

బస్సులో తాతయ్య చెవి దగ్గర నోరు పెట్టి అంతా చెప్పాను.

"పిచ్చిదానా," అన్నాడు. "ఆ పిల్ల లేకపోవడమేంటి? నీలం గౌను. నేను వ్యాన్ అద్దంలోంచి చూశాను."

"లేదు తాతయ్యా. నేనే..."

"అప్పటికి మీ అమ్మే పుట్టలేదు, నీకేం తెలుసు?" అని గట్టిగా అన్నాడు. బస్సులో అందరూ తిరిగి చూశారు. ఆయన గొంతు తగ్గించి, "మడమలకి దుమ్ముంది," అన్నాడు.

దుమ్ము నేను రాయలేదు.

*

పిన్ని ఒకే ఒక మాట అంది. "రెండు నెలల్లో ఒక్కసారి నోరు విప్పావు. దానికి ఆ రోజే దొరికిందా?" అని. ఆ పైన నా కంచంలో అన్నం వడ్డించి, నేను తినేదాకా అక్కడే కూర్చుంది. తినలేకపోతే తిట్టింది. ఆ తిట్టు నాకు బాగుంది.

ఆస్పత్రికి ఫోన్ చేయడానికి ఆమె మెట్ల మీదికి వెళ్లింది, తాతయ్య చూడకూడదని. ఆయనకి ఎలాగూ వినపడదని ఇద్దరం మర్చిపోయాం. "అవునండీ, ఆ తేదీయే. మిగతా డబ్బు కట్టలేం, ఇంకెవరికైనా ఇచ్చేయండి. లేదండీ, వేరే తేదీ వద్దు," అంటోంది. లోపలికి వచ్చి గోడ మీది చీటీ ఊడదీసింది. అంటించిన చోట నూనెపొగ పట్టని తెల్లటి ముక్క మిగిలింది. తాతయ్య దాన్ని చూసి, "ఆ తేదీ ఎవరికిచ్చారట?" అని అడిగాడు.

"నాకేం తెలుసు నాన్నా!"

"ఎవరికైనా పనికొస్తుందిలే," అన్నాడు.

నాలుగు రోజులకి ఫోన్ మోగింది. పిన్ని నన్ను తోసుకుంటూ వెళ్లి అందుకుంది. ఆమె ఇస్త్రీ చేస్తూ కూడబెట్టుకున్న మాటలన్నీ నాలుక చివరే ఉన్నాయని నాకు తెలుసు. "చూడండి, మీరు..." అని మొదలుపెట్టింది. ఆగింది. చాలాసేపు వింది. ముఖంలో కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు అయిపోయింది. ఫోన్ని చేత్తో మూసి నాకందించింది.

"మొదటిసారి చేస్తున్నాననుకుంటున్నాడే," అంది. "ఇరవై ఏళ్లయింది, సుత్తి బతికే ఉన్నాడా అని అడుగుతున్నాడు. వాళ్ల పాట ఎక్కడ పుట్టిందో చెప్పమంటున్నాడు. పుస్తకమా, ఏం పుస్తకం అంటున్నాడు. తన అల్లుడికి తెలుసేమో అంటున్నాడు."

వెనక ఈసారి టకటకలు లేవు. తాతయ్య చెయ్యి చాచి ఫోన్ తీసుకున్నాడు. అవతల ఏమంటున్నారో ఆయనకి వినపడదు. నన్ను చెప్పమనలేదు కూడా. "ఒరేయ్ చిలకా," అని మొదలుపెట్టి, వ్యాన్ ఎక్కడ ఆపారో, చక్రం ఎంత వేడెక్కిందో, తలుపు ఎటు తెరుచుకునేదో చెప్పుకుంటూ పోయాడు. నోటుపుస్తకం అవసరం లేకపోయింది. అవతల ఫోన్ పెట్టేసిన శబ్దం నాకు వినపడింది. ఆయనకి వినపడలేదు. నేను ఆపలేదు. పిన్నీ ఆపలేదు.

*

వానలు పడ్డ మొదటి వారంలోనే మోకాలు మాట వినడం మానేసింది. ఒక మధ్యాహ్నం పని నుంచి వచ్చి పందొమ్మిదో మెట్టు మీద కూర్చుండిపోయాడు. కింది వాటాల మగవాళ్లిద్దరు కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చారు. "మెల్లగా బాబూ, డ్రమ్స్ మోసినట్టు మోయండి, అంచులు తగలనీయకండి," అని జోకులేస్తూనే ఉన్నాడు. వాళ్లు వెళ్లాక గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడు కిందికి దిగలేదు. ఆ మర్నాడూ దిగలేదు. వారం చూసి, కర్ర దగ్గరికి వేరే మనిషిని పెట్టుకున్నామని మేనేజరు కబురు పంపాడు.

పిన్ని హోటల్లో రెండో డ్యూటీకి ఒప్పుకుంది.

నా సెలవులు అయిపోయాయి. బయల్దేరే ముందు రోజు పిన్ని నన్ను కార్ల దగ్గరికి పంపింది. తాతయ్య టోపీ, ఈల తిరిగి ఇచ్చి, ఆయన సొంత సామాను తెచ్చుకోవాలి. కర్ర పక్కనున్న చిన్న బడ్డీలో ఉన్నది పెద్ద సామానేం కాదు. ఒక నీళ్ల సీసా, చినిగిన మెత్త, గొడుగు. కొత్త మనిషి నలభై ఏళ్లవాడు, బట్టతల, దగ్గినట్టు నవ్వుతాడు. రిజిస్టరు తీసి సంతకం పెట్టమన్నాడు. ముట్టినట్టు అని రాసి, నా పేరే పెట్టాను.

"ముసలాయన నీకేమవుతాడు?"

"తాతయ్య."

"చాన్నాళ్లు చేశాడటగా. అంతకు ముందేం చేసేవాడు?"

తల దించుకుని వచ్చేయవచ్చు. ఎప్పుడూ చేసేది అదే. బయట సన్నగా తుంపర. బడ్డీలో మెత్త మీద ఒక పక్కగా కూర్చుని, అతనికి చెప్పడం మొదలుపెట్టాను. నలుగురు మనుషులు, ఒక వ్యాను, తాగకుండా నడిపినవాడు. ఇటుక గోడ, చల్లారని ఇంజను, తలుపు మీద అరచేత్తో ఎనిమిది దెబ్బలు. గోడ మీద ఎవరినీ కూర్చోబెట్టలేదు. ఎక్కడా కుక్క రాలేదు. నేను కలపకుండా చెప్తున్నానని నాకే తెలుస్తోంది. అయినా అతను వింటున్నాడు. మధ్యలో కారొస్తే లేచి కర్ర ఎత్తి, దించి, మళ్లీ వచ్చి కూర్చుని "ఊఁ" అనేవాడు.

"ఆ పాట మీ తాతదా? నిజంగా?"

"మొదటి ఎనిమిది దెబ్బలు."

"అబ్బో! ఊఁ, తర్వాత?"

"తర్వాత ముప్ఫై ఏళ్లు వాయించాడు."

"ఊఁ. తర్వాత?"

నీళ్ల సీసా, గొడుగు ఒళ్లోకి తీసుకున్నాను.

"తర్వాత ఇక్కడికొచ్చాడు," అన్నాను.

బయట కారొకటి వచ్చి హారన్ మోగిస్తోంది. అతను లేచి వెళ్లి, కర్ర మీద చెయ్యి వేసి, ఎత్తకుండా కాసేపు అలాగే నిలబడ్డాడు.